గుర్రుపెట్టి నిద్రపోతే గాఢ నిద్రేనా?

చెవి, ముక్కు, గొంతు: పాఠకుల ప్రశ్నలకు డాక్టరు జవాబులు

చెన్నైలో ఈశాన్య ఋతుపవనాలు మొదలయ్యాయంటే నా గది బయట బెంచీలు చాలవు. గోడలు చెమ్మగిల్లుతాయి, పరుపులు ఆరవు, పిల్లల ముక్కులు ఆగవు. ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం అడినాయిడ్స్ గురించే. ముక్కు వెనుక, కొండనాలుకకు పైన, నోరు ఎంత తెరిచినా కనిపించని చోట ఉండే మెత్తని కండ అది. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. అదే ప్రశ్న వేర్వేరు మాటల్లో చాలా మంది తల్లులు అడిగారు.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా బాబుకు నాలుగున్నరేళ్ళు. ఎల్.కె.జి.లో చేరినప్పటి నుంచి నెలకో జలుబు. రాత్రిళ్ళు నోరు తెరుచుకుని గుర్రుపెడతాడు. ఎక్స్‌రే తీసి అడినాయిడ్స్ మూడో గ్రేడులో ఉన్నాయన్నారు. ఒక డాక్టరు వెంటనే ఆపరేషన్ చేయించమన్నారు. మరొకరు, పెద్దయ్యేకొద్దీ అవే కరిగిపోతాయి, ఆగమన్నారు. మా అత్తగారేమో ‘కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందట, కత్తి జోలికి పోవద్దు’ అంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక తల్లి, వేళచ్చేరి

జవాబు: అమ్మా, ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. తెల్లవారుజామున నాలుగు గంటలకు మీ బాబు ఎలా నిద్రపోతున్నాడు?

‘గుర్రుపెట్టి నిద్రపోయాడు’ అంటే మనవాళ్ళకు హాయిగా, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడని అర్థం. పిల్లల విషయంలో ఈ నమ్మకం వల్ల జరిగిన చెరుపు నేను చాలా చూశాను. ‘పాపం, బాగా అలసిపోయాడు, ఎలా నిద్రపోతున్నాడో చూడండి’ అని ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. ఆ పిల్లవాడు మాత్రం రాత్రంతా ఊపిరి కోసం పెనుగులాడుతుంటాడు. జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు గురక వస్తే అది వేరు. జలుబు లేని రోజుల్లో కూడా వారంలో మూడు రాత్రులకు మించి గురక వస్తుంటే దాని సంగతి తేల్చుకోవాలి.

కాబట్టి ముందు ఈ పని చేయండి. రాత్రి పది గంటలకు కాదు, ఆవిన్ పాల పాకెట్లు గుమ్మంలో పడే వేళకు లేచి, ఫోనులో మూడు నాలుగు నిమిషాలు బాబు నిద్రను వీడియో తీయండి. పిల్లల్లో ఊపిరి అడ్డుపడటం కలలు వచ్చే దశలో ఎక్కువ. ఆ దశ తెల్లవారుజామున ఎక్కువసేపు ఉంటుంది. చొక్కా విప్పి, ముఖమూ ఛాతీ రెండూ కనిపించేలా తీయండి. గురక వస్తూ వస్తూ ఉన్నట్టుండి ఆగి, కొన్ని క్షణాలు నిశ్శబ్దమై, ఆ తర్వాత ఉలిక్కిపడినట్టు ఊపిరి తీసుకుంటున్నాడా? ఊపిరి తీసుకున్నప్పుడు డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయా? మెడ వెనక్కి విరిచిపెట్టి పడుకుంటున్నాడా? ఫ్యాను తిరుగుతున్నా దిండు చెమటతో తడుస్తోందా? పక్క తడపడం మానేసిన పిల్లవాడు మళ్ళీ తడుపుతున్నాడా? ఆ నాలుగు నిమిషాల వీడియో నాకు ఎక్స్‌రే కంటే ఎక్కువ చెబుతుంది.

పగలు చేయవలసిన పరీక్ష ఇంకా తేలిక. వాడి చేత ‘అమ్మా, మామిడిపండు’ అనిపించండి. ముక్కు వెనుక దారి మూసుకుపోయిన పిల్లవాడి నోట అది ‘అబ్బా, బాబిడిపడ్డు’ అని వస్తుంది. మ, న, ణ అనే అక్షరాలకు గాలి ముక్కులోంచి పోవాలి. వ్యాకరణంలో వాటికి అనునాసికాలని పేరు పెట్టింది అందుకే. చల్లని స్టీలు చెంచా ముక్కు కింద పెట్టి, నోరు మూసుకుని ఊపిరి వదలమనండి. చెంచా మీద ఆవిరి రెండు పక్కలా పడుతోందో లేదో చూడండి. 1868లో కోపెన్‌హేగన్‌లో విల్‌హెల్మ్ మేయర్ అనే డాక్టరు ఈ జబ్బును మొదటిసారి వివరంగా రాశాడు. ఆయనకు ఎక్స్‌రే లేదు, ఇప్పటిలా ముక్కులోకి దూర్చి చూసే ఎండోస్కోపు లేదు. రోగుల మూగబోయిన గొంతూ, తగ్గిన వినికిడీ, మూసుకుపోయిన ముక్కూ చూసి వాటి వెనుక ఉన్న కారణాన్ని పట్టుకున్నాడు.

ఇక గ్రేడు సంగతి. ముక్కు వెనుక దారిని ఆ కండ ఎంతవరకు మూసిందో చెప్పే అంకె అది. ఎక్స్‌రే ఒక నీడ మాత్రమే. పిల్లవాడు ఏడుస్తున్నా, నోరు తెరిచినా, తల కాస్త పక్కకు తిరిగినా ఆ నీడ మారిపోతుంది. జలుబు ముదిరి ఉన్నప్పుడు తీస్తే కండ వాచి ఇంకా పెద్దగా కనిపిస్తుంది. పైగా అడినాయిడ్స్ మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ మధ్య అందరు పిల్లల్లోనూ పెద్దగానే ఉంటాయి. ఆ తర్వాత ముఖం ఎముకలు పెరిగి దారి వెడల్పవుతుంది, కండ కుంచించుకుపోతుంది, యవ్వనం వచ్చేసరికి చాలా మందిలో దాదాపు కనిపించకుండా పోతుంది. మూడో గ్రేడు ఉండి ప్రశాంతంగా నిద్రపోయే పిల్లలున్నారు. రెండో గ్రేడుకే ఊపిరాడక లేచి కూర్చునే పిల్లలున్నారు. నేను గ్రేడుకు ఆపరేషన్ చేయను, పిల్లవాడికి చేస్తాను. అనుమానం ఉంటే తల్లి ఒడిలో కూర్చోబెట్టుకుని సన్నని గొట్టం లాంటి ఎండోస్కోపుతో ముక్కులోంచి చూస్తాం. అది ఎక్స్‌రే కంటే నమ్మదగినది, పని నిమిషంలో అయిపోతుంది.

మీ వీడియోలో గురక ఒక్కటే ఉండి, ఊపిరి ఆగకపోతే, బాబు బరువూ ఎత్తూ సరిగ్గా పెరుగుతుంటే, ఆగమన్న డాక్టరు మాటే వినండి. అయితే ఆగడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. ఉప్పునీటి (సెలైన్) చుక్కలతో ముక్కు శుభ్రం చేసి, డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్ స్ప్రే రోజుకొకసారి, ఆరు నుంచి ఎనిమిది వారాలు మానకుండా కొట్టాలి. స్టెరాయిడ్ అనగానే తల్లులు భయపడతారు. మొమెటాసోన్, ఫ్లుటికాసోన్ వంటివి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అయినా నెలల తరబడి వాడవలసి వస్తే నేను ఎత్తు కొలుస్తూనే ఉంటాను. కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో, మొన కంటి మూల వైపు, అంటే బయటికి ఉండేలా కొట్టండి. ముక్కు నడిమి గోడకు తగిలేలా కొడితే నెత్తురు కారుతుంది. చాలా మంది స్ప్రే పనిచేయలేదనేది రెండో వారంలో ఆపేసి, లేదా తప్పుగా కొట్టి.

అలర్జీకి వాడే మాంటెలుకాస్ట్ మాత్ర కూడా కొందరు రాస్తారు. పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పు వస్తాయని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాని మీద గట్టి హెచ్చరిక వేయించింది. పిల్లవాడు రాత్రిళ్ళు కేకలు వేసి లేవడం మొదలుపెడితే ఆ సంగతి వెంటనే డాక్టరుకు చెప్పండి. ప్రతి జలుబుకూ యాంటీబయాటిక్ వాడితే అడినాయిడ్స్ కరగవు. ఇంట్లో చేయగలిగింది కూడా ఉంది. బాబు పడుకునే గదిలో సాంబ్రాణి పొగ, దోమల చుట్ట, అగరుబత్తి మానేయండి. ఎండ వచ్చిన రోజున దిండ్లూ పరుపూ మేడ మీద ఆరేయండి. మన ఊరి తేమలో దుమ్ము పురుగులు పరుపుల్లోనే కాపురం ఉంటాయి. భోగి నాడు పొగ కమ్మేసే వేళకు కిటికీలు మూసి బాబును లోపలే ఉంచండి.

అలాగని ప్రతి పిల్లవాడి విషయంలోనూ ఆగమని చెప్పలేను. వీడియోలో ఊపిరి ఆగుతున్నట్టు కనిపిస్తే, డొక్కలు ఎగరేస్తుంటే, ఏడాదిగా బరువు పెరగకపోతే, ‘కరిగిపోతాయి’ అన్న మాట పట్టుకుని ఏళ్ళు గడపకండి. రాత్రి నిద్ర చెడిన పెద్దవాళ్ళు పగలు తూగుతారు. పిల్లలు అలా కాదు, కుదురు లేకుండా గెంతుతారు, మొండికేస్తారు, చదువు మీద మనసు నిలపరు. ‘వీడు అల్లరివాడు’ అని బడిలో పేరు పడుతుంది. ఎప్పుడూ నోటితోనే ఊపిరి తీసుకునే పిల్లలకు అంగిలి ఇరుకై పైకి లేస్తుంది, పళ్ళు గజిబిజిగా వస్తాయి, ముఖం సాగినట్టవుతుంది. తీవ్రంగా ఉండి పట్టించుకోకపోతే గుండె కుడి భాగం మీద కూడా భారం పడుతుంది. నిద్రలో పెదాలు నీలంగా మారితే తెల్లారేదాకా ఆగవద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళండి.

మధ్యస్థంగా ఉన్నవాళ్ళ సంగతి చెప్పాలంటే అమెరికాలో జరిగి 2013లో వెలువడిన ఒక పరిశోధన నాకు చాలా ఉపయోగపడింది. నిద్రలో ఊపిరి అడ్డుపడే 464 మంది పిల్లలను, ఐదు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళను, రెండు జట్లు చేసి ఒక జట్టుకు టాన్సిల్స్, అడినాయిడ్స్ తీశారు, మరో జట్టును గమనిస్తూ ఆగారు. ఏడు నెలల తర్వాత నిద్ర పరీక్ష చేస్తే ఆపరేషన్ అయినవాళ్ళలో 79 శాతం, ఆగినవాళ్ళలో 46 శాతం మందికి పరీక్ష మామూలుగా వచ్చింది. ఆపరేషన్ మేలు చేస్తుందనీ, ఆగినవాళ్ళలో సగానికి కాస్త తక్కువ మందికి ఆగడమే సరిపోయిందనీ దీనివల్ల తెలుస్తుంది. మీకు సలహా ఇచ్చిన ఇద్దరు డాక్టర్ల మాటలోనూ కొంత నిజం ఉందని నేనన్నది ఇందుకే. మరీ తీవ్రమైనవాళ్ళను ఆ పరిశోధనలో చేర్చుకోలేదు, అది మరచిపోకండి.

అత్తగారి సామెతకు కూడా నా దగ్గర గౌరవం ఉంది. అడినాయిడ్స్ తీసే ముందు నేను మొదట చూసేది కొండనాలుకనే. అది కొసన రెండుగా చీలి ఉంటే అంగిలి లోపల కనిపించని లోపం ఉండవచ్చు. అలాంటి పిల్లలకు అడినాయిడ్స్ పూర్తిగా తీస్తే మాట ముక్కులోంచి పోతుంది, తాగిన పాలు ముక్కులోకి వస్తాయి. మీ డాక్టరు కొండనాలుక చూశారో లేదో అడగండి. అడగడం తప్పు కాదు.

ప్రశ్న: మా అమ్మాయికి ఆరేళ్ళు. గురక పెద్దగా లేదు. టీవీ శబ్దం పెంచుతోంది, పిలిస్తే పలకదు, టీచరు ‘ధ్యాస లేదు’ అంటున్నారు. చెవిలో నీరుందనీ, అడినాయిడ్స్ తీసి చెవిలో గొట్టం పెట్టాలనీ చెప్పారు. ముక్కు జబ్బుకు చెవికి ఆపరేషనా?
— ఒక తండ్రి, అంబత్తూరు

జవాబు: అయ్యా, మీ ఉత్తరం చదివి ఆ పూట ఇంకో ఉత్తరం తెరవలేకపోయాను. నేను డాక్టరునైన తొలి ఏళ్ళలో, పేరు చెప్పనవసరం లేని ఒక ఆసుపత్రిలో, ఏడేళ్ళ అమ్మాయిని తీసుకొచ్చారు. ఎప్పుడూ జలుబు, చదువులో వెనకబాటు. నేను ముక్కు చూశాను, ఎక్స్‌రే చూశాను, మందులు రాసి పంపాను. వినికిడి పరీక్ష చేయించలేదు. ఎనిమిది నెలల తర్వాత వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఆ పిల్ల నా నోటి వంకే చూస్తూ మాటలు అర్థం చేసుకుంటోందని అప్పుడు గమనించాను. రెండు చెవుల్లోనూ జిగురు నీరు. ఆ ఎనిమిది నెలల్లో ఆ పిల్ల తరగతిలో ఎన్ని తిట్లు తిన్నదో నాకు తెలియదు. ఆ రోజు నుంచి అడినాయిడ్స్ అనుమానం ఉన్న ఏ పిల్లనూ వినికిడి పరీక్ష లేకుండా నేను పంపలేదు.

మీ ప్రశ్నకు వస్తాను. చెవి లోపలి గదినీ ముక్కు వెనుక భాగాన్నీ కలిపే సన్నని గొట్టం ఒకటుంది. మనం మింగినప్పుడల్లా అది తెరుచుకుని చెవికి గాలి అందుతుంది. దాని ద్వారం అడినాయిడ్స్ పక్కనే ఉంటుంది. అక్కడ వాపు, క్రిములు చేరితే ఆ గొట్టం పనిచేయదు, కర్ణభేరి వెనుక జిగురు లాంటి నీరు నిలుస్తుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, అందుకే ఎవరికీ తెలియదు. రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని ఒక పూట ఇంట్లో తిరిగి చూడండి, మీ అమ్మాయి లోకం ఎలా ఉందో తెలుస్తుంది.

చాలా మంది పిల్లల్లో ఈ నీరు మూడు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. జలుబు మాత్రలు, యాంటీబయాటిక్స్ దీన్ని తగ్గించవు. మూడు నెలలు దాటినా రెండు చెవుల్లోనూ నీరుండి, ఆడియోమెట్రీ అనే పరీక్షలో వినికిడి తగ్గినట్టు తేలితే అప్పుడు కర్ణభేరిలో పెట్టే గ్రామెట్ అనే చిన్న గొట్టం మాట వస్తుంది. నాలుగేళ్ళు దాటిన పిల్లలకు అడినాయిడ్స్ తీయడం కూడా మేలు చేస్తుంది. మీ అమ్మాయికి ఆరేళ్ళు కనుక మీ డాక్టరు చెప్పింది సబబే, అయితే మూడు నెలల తేడాతో రెండు వినికిడి పరీక్షలు జరిగాయా అని అడగండి. గ్రామెట్ సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాదిలో దానంతటదే ఊడి బయటికి వచ్చేస్తుంది.

ఈ లోపు ఒక పని, అది ఈ వారమే చేయండి. టీచరుకు రెండు వాక్యాల ఉత్తరం రాయండి. అమ్మాయికి వినపడటం లేదు, ముందు బెంచీలో కూర్చోబెట్టి ముఖం చూస్తూ మాట్లాడమని. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు వింటున్న పిల్ల మూడు భాషల్లోనూ సగం సగం మాటలే అందుకుంటోంది. ఆమెను మందలించకండి.

ఖర్చు గురించి ఉత్తరం చివర సంకోచంగా అడిగారు. ఎగ్మోర్‌లో ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఉంది. పాత పరీక్షల కాగితాలన్నీ పట్టుకుని పొద్దున్నే వెళ్ళండి.

ప్రశ్న: నేను పెరంబూరులోని రైలు పెట్టెల కర్మాగారం ఐ.సి.ఎఫ్.లో పనిచేసి రిటైరయ్యాను. మనవడికి ఐదేళ్ళు, అడినాయిడ్స్ తీసి ఆరు రోజులైంది. నోరు వాసన వస్తోంది, చెవి నొప్పి అంటున్నాడు, గొంతు మారింది. అవి రోగనిరోధక కండలు కదా, తీసేస్తే వాడు బలహీనపడడా?
— ఒక తాతగారు

జవాబు: తాతగారూ, నమస్కారం. వాసన కోసిన చోట పుండు మానుతున్న గుర్తు, వారం పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు ఉంటుంది. చెవి నొప్పి గొంతు నుంచి నరాల ద్వారా వచ్చేది, సాధారణంగా కొద్ది రోజుల్లో పోతుంది. మూసుకున్న దారి తెరుచుకుంది కనుక గొంతు కొన్నాళ్ళు కొత్తగా వినిపిస్తుంది. నీళ్ళు, మజ్జిగ, మెత్తని అన్నం, ఇడ్లీ, ఐస్‌క్రీమ్, వాడికి ఏది ఇష్టమైతే అది పెట్టండి. నొప్పికి డాక్టరు చెప్పిన పారాసెటమాల్ చాలు. ఆస్పిరిన్ వద్దు. కోడీన్ కలిసిన దగ్గు సిరప్ ఇంట్లో మిగిలి ఉంటే దాన్ని పొరపాటున కూడా పట్టించకండి. ఈ ఆపరేషన్ అయిన పిల్లల్లో అది ఊపిరినే ఆపగలదు. ఎర్రని తాజా నెత్తురు ముక్కులోంచి గానీ నోట్లోంచి గానీ వస్తే, లేదా వాడు మాటిమాటికీ మింగుతూ నెత్తురు కక్కితే, ఫోను చేసి సలహా అడగకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. అలా జరగడం అరుదు, నూటికి ఒకరి కంటే తక్కువ.

నిరోధక శక్తి గురించి మీరు అడిగింది మంచి ప్రశ్న. ముక్కు, గొంతు చుట్టూ ఇలాంటి కండలు ఒక వలయంలా ఉంటాయి. అడినాయిడ్స్ అందులో ఒక భాగం, మిగతావి పని చేస్తూనే ఉంటాయి. డెన్మార్క్‌లో సుమారు 12 లక్షల మంది పిల్లల వివరాలు పరిశీలించి 2018లో వెలువరించిన అధ్యయనంలో, తొమ్మిదేళ్ళలోపు ఇవి తీయించుకున్నవాళ్ళకు తర్వాతి కాలంలో శ్వాసకోశ, అలర్జీ జబ్బులు ఎక్కువగా కనిపించాయి. ఆపరేషనే కారణమని ఆ అధ్యయనం తేల్చలేదు, ఆ పిల్లలు మొదటి నుంచీ జబ్బు మనుషులే కావచ్చు. అవసరం లేకుండా తీయకూడదనడానికి నాకు ఇది గట్టి కారణం. మీ మనవడికి రాత్రిళ్ళు ఊపిరి ఆగేదని రాశారు. వాడికి అవసరం ఉంది, తీశారు. దిగులు పడకండి.

ప్రశ్న: తొమ్మిది నెలల పాప ముక్కు మూసుకుపోతోంది. అమ్మమ్మ స్నానం చేయించేటప్పుడు ముక్కులో నూనె చుక్క వేస్తారు. మంచిదేనా?
— టి. నగర్

జవాబు: వద్దమ్మా. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. కర్పూరం కలిసిన, ఒంటికి రుద్దే మందులు రెండేళ్ళలోపు పిల్లలకు రాయకండి. పెద్దవాళ్ళ ముక్కు దిబ్బడ చుక్కలు కూడా వద్దు. పాలు పట్టే ముందు రెండు ముక్కుల్లోనూ ఒక్కో ఉప్పునీటి చుక్క వేయండి. అమ్మమ్మగారికి మెల్లగా చెప్పండి, ఆవిడ ప్రేమతోనే చేస్తున్నారు.

ప్రశ్న: మూడేళ్ళ బాబుకు నెలన్నరగా కుడి ముక్కులోంచి మాత్రమే కంపు కొట్టే చీమిడి. అడినాయిడ్స్ అని మందులు వాడుతున్నాం, తగ్గలేదు.
— తాంబరం

జవాబు: ఒక పక్కనే, అదీ కంపుతో వస్తుంటే అది అడినాయిడ్స్ కాకపోవచ్చు. లోపల ఏదో ఇరుక్కుని ఉండవచ్చు. శనగ గింజ, స్పాంజి ముక్క, పూస, ఏదైనా కావచ్చు. ఇంట్లో చిమ్టాతో తీయబోకండి, ఇంకా లోపలికి పోతుంది. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ ఏదైనా ఇంట్లో కనబడకుండా పోయిందా, గుర్తు చేసుకోండి. అది ముక్కులో గంటల్లోనే నడిమి గోడను కాల్చేస్తుంది. ఈ పత్రిక మీ చేతికి అందిన రోజునే బాబును చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి.